తక్కువ బడ్జెట్‌లో చిన్న సైజు హైఎండ్ ల్యాప్‌టాప్: వరంగల్ వైపు వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

హనుమకొండలో ల్యాప్‌టాప్‌లు విప్పి బాగుచేసే పని నాది. ఎప్‌సెట్ కౌన్సెలింగ్ మొదలైందంటే చాలు, కరీంనగర్, మంచిర్యాల, భూపాలపల్లి, జనగామ నుంచి ఒకటే ఫోన్లు. "బరువు తక్కువుండాలె, నాలుగేండ్లు నడవాలె, పైసలు మాత్రం గింతే ఉన్నయ్" అంటారు. ఎక్కువ మంది అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాశాను. ధరలు వారం వారం మారుతుంటాయి కాబట్టి నేను చెప్పే రేట్లను ఉజ్జాయింపుగానే తీసుకోండి.

చిన్న హైఎండ్ ల్యాప్‌టాప్ అంటే అసలు ఏది?

స్క్రీన్ 13 నుంచి 14 అంగుళాలు, బరువు కిలో నుంచి కిలోన్నర లోపు, బాడీ అల్యూమినియం, మెగ్నీషియం లేదా కార్బన్ ఫైబర్. ఇవి మూడూ ఉంటేనే ఆ కోవలోకి వస్తుంది. సైజు ఒక్కటే చిన్నదైతే సరిపోదు. 14 అంగుళాల ప్లాస్టిక్ మోడళ్లు బోలెడు దొరుకుతాయి, వాటిని హైఎండ్ అనలేం.

చిన్నదానికి ఎందుకు ఎక్కువ రేటు అని చాలామంది అడుగుతారు. అదే ప్రాసెసర్‌ను, అంతే బ్యాటరీని తక్కువ చోటులో ఇరికించి, వేడి బయటికి పంపించి, అయినా వంగకుండా గట్టిగా ఉంచాలంటే ఖర్చవుతుంది. 15.6 అంగుళాల మామూలు ల్యాప్‌టాప్ ఛార్జర్‌తో కలిపి రెండు కిలోలు దాటుతుంది. ప్రతి శనివారం కాజీపేటలో రైలెక్కి ఇంటికి పోయే పిల్లల భుజానికి ఆ తేడా తెలుస్తుంది.

నా దగ్గర నలభై వేలే ఉన్నాయి. కొత్తది తీసుకోనా, పాత హైఎండ్ తీసుకోనా?

పాత హైఎండ్ తీసుకోండి. ఈ మాట అందరికీ చెప్తాను, కారణం కూడా వివరంగా చెప్తాను.

నలభై వేలకు వచ్చే కొత్త ల్యాప్‌టాప్ డబ్బా మీద ప్రాసెసర్ పేరు పెద్దగా రాసి ఉంటుంది. కంపెనీ డబ్బు మిగుల్చుకునేది మనం చూడని చోట. స్క్రీన్ వెలుతురు 250 నిట్స్ (వెలుతురు కొలత), రంగులు ఎన్‌టీఎస్‌సీ అనే కొలతలో 45 శాతమే. కిటికీ పక్కన కూర్చుంటే అక్షరాలు కనపడవు, ఎరుపు కాస్తా ఇటుక రంగులో ఉంటుంది. ఇంకా ముఖ్యమైనది హింజ్, అంటే మూతను బాడీకి కలిపే కీలు. చౌక మోడళ్లలో హింజ్ స్క్రూలు పట్టుకునేది ప్లాస్టిక్‌లో పొదిగిన చిన్న ఇత్తడి నట్లను. మూత తెరిచిన ప్రతిసారీ బలమంతా వాటి మీదే పడుతుంది. రెండేళ్లు గడిచేసరికి ప్లాస్టిక్ చిట్లి నట్లు ఊడిపోతాయి, మూత తెరిస్తే కింది బాడీ మూల కూడా పైకి లేస్తుంది. నా టేబుల్ మీదికి వచ్చే రెండు మూడేళ్ల మామూలు ల్యాప్‌టాప్‌లలో ఈ కేసులే ఎక్కువ. అప్పటికి ప్రాసెసర్ శుభ్రంగా పనిచేస్తూనే ఉంటుంది.

అటు పెద్ద కంపెనీలు తమ ఉద్యోగుల కోసం బిజినెస్ సిరీస్ కొంటాయి. కొత్తగా ఉన్నప్పుడు వాటి రేటు లక్ష దాటి ఉంటుంది. మూడు నాలుగేళ్లకు లీజు అయిపోగానే వందల సంఖ్యలో మార్కెట్‌లోకి వస్తాయి. లోహపు బాడీ, మంచి కీబోర్డ్, ఏళ్ల తరబడి దొరికే స్పేర్ పార్టులు, అన్నీ అసలు రేటులో పావు వంతుకో మూడో వంతుకో మన చేతికి వస్తాయి.

నేను పాటించే లెక్క ఒకటే. తర్వాత మార్చుకోలేని వాటి మీద డబ్బు పెట్టండి, మార్చుకోగలిగిన వాటి దగ్గర సర్దుకోండి. బాడీ, స్క్రీన్ నాణ్యత, మదర్‌బోర్డుకు అతికించిన ర్యామ్ (పనులు నడిచే మెమరీ) కొన్న రోజు ఎలా ఉంటాయో చివరిదాకా అలాగే ఉంటాయి. బ్యాటరీ, ఎస్‌ఎస్‌డీ (ఫైళ్లు దాచే డ్రైవ్), ఛార్జర్ ఎప్పుడైనా మార్చొచ్చు. కింది ప్రశ్నల్లో సగం ఈ లెక్కతోనే తేలిపోతాయి.

కొత్తది కొనడమే మంచిదనే సందర్భం కూడా ఉంది. ల్యాప్‌టాప్ పరీక్షించి చూసే మనిషి ఇంట్లో గానీ దగ్గర్లో గానీ ఎవరూ లేరు, చెడిపోతే తిరిగే ఓపిక లేదు, బడ్జెట్ అరవై వేల దాకా పోగలదు. అలాంటప్పుడు రెండు మూడేళ్ల వారంటీతో కొత్తది తీసుకోండి. మనశ్శాంతికి కూడా విలువ ఉంది.

సరే, ఏ మోడళ్లు వెతకాలి?

నాకు బాగా నమ్మకం ఉన్నవి చెప్తాను.

లెనోవోలో థింక్‌ప్యాడ్ ఎక్స్1 కార్బన్. 14 అంగుళాల స్క్రీన్‌తో కిలో నూరు గ్రాముల చుట్టుపక్కల బరువు. 2018లో వచ్చిన ఆరో తరం నుంచి పైవి చూడండి. 2021లో వచ్చిన తొమ్మిదో తరంలో స్క్రీన్ 16:10 కొలతకు మారింది, అంటే కాస్త నిలువు ఎక్కువ. పీడీఎఫ్‌లు చదివేవాళ్లకు, కోడ్ రాసేవాళ్లకు అది రోజూ పనికొచ్చే సౌకర్యం. దీనికన్నా తక్కువ రేటులో ఎక్స్13, టీ14ఎస్ ఉంటాయి. ఈ రెండింట్లో ఏఎండీ రైజెన్ 5 ప్రో 4650యూ ఉన్నది దొరికితే వదలకండి, ఆరు కోర్లతో చాలా చురుగ్గా ఉంటుంది.

ఒక జాగ్రత్త. 2017 నుంచి 2019 దాకా వచ్చిన చాలా థింక్‌ప్యాడ్లలో టైప్‌-సీ పోర్టులను నడిపే థండర్‌బోల్ట్ చిప్ లోపలి ప్రోగ్రామ్ (ఫర్మ్‌వేర్) లోపం వల్ల ఆ పోర్టులు దెబ్బతినేవి. లెనోవోనే దానికి అప్‌డేట్ ఇచ్చింది. పాత ఓనర్ ఆ అప్‌డేట్ వేశాడో లేదో మనకు తెలియదు కాబట్టి రెండు టైప్‌-సీ పోర్టుల్లోనూ ఛార్జర్ పెట్టి చూడండి.

హెచ్‌పీలో ఎలైట్‌బుక్ 840. ఎక్స్1 కన్నా కాస్త బరువు. కానీ జీ5 (ఐదో తరం) నుంచి జీ8 దాకా వీటిలో ర్యామ్‌కు రెండు స్లాట్లు ఉన్నాయి, ఇప్పుడు 8 జీబీతో కొని తర్వాత పెంచుకోవచ్చు. ఒకే ఇబ్బంది, కొన్నింటికి ష్యూర్ వ్యూ అనే ప్రైవసీ స్క్రీన్ ఉంటుంది. పక్క నుంచి చూసేవాళ్లకు కనపడకుండా చేసిన ఏర్పాటు అది. పాత తరాల్లో దానివల్ల ఎదురుగా చూసినా రంగు వెలిసినట్టు కనిపిస్తుంది. చూడకుండా కొనొద్దు.

డెల్‌లో లాటిట్యూడ్ 7000 సిరీస్. 7490లో ర్యామ్ మార్చుకోవచ్చు, 7420లో బోర్డుకే అతికి ఉంటుంది. ఎక్స్‌పీఎస్ 13 స్క్రీన్ అందంగా ఉంటుంది. దానిలోనూ ర్యామ్ మార్చలేం.

ఏ ప్రాసెసర్ కన్నా పాతది వద్దు?

ఇంటెల్‌లో ఎనిమిదో తరం కన్నా పాతది ముట్టుకోవద్దు. విండోస్ 11 అధికారికంగా ఎనిమిదో తరం ఇంటెల్ నుంచి, ఏఎండీ ల్యాప్‌టాప్‌లలో రైజెన్ 3000 సిరీస్ నుంచి మాత్రమే నడుస్తుంది. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. అందుకే ఆరు, ఏడో తరం ల్యాప్‌టాప్‌లను జనం వదిలించుకుంటున్నారు, పది పన్నెండు వేలకే ఐ7 అని ఊరించేవి అవే. ఏడో తరం ఐ5-7200యూలో రెండే కోర్లు, ఎనిమిదో తరం ఐ5-8250యూలో నాలుగు. ఒక్క తరంలో వచ్చిన తేడా అది. ఐ5, ఐ7 అన్న పేరు చూసి మోసపోకండి, దాని వెనక నాలుగంకెల నంబర్‌లో మొదటి అంకె చూడండి. 8265యూ అంటే ఎనిమిది. ఐదంకెలుంటే, లేదా 1135జీ7లాగా 10, 11, 12తో మొదలైతే, మొదటి రెండంకెలే తరం.

ఐ7 కోసం అదనంగా డబ్బు పెట్టకండి. సన్నని బాడీలో వేడి వల్ల ఐ7 పూర్తి వేగంతో ఎక్కువసేపు నడవలేదు. ఆ డబ్బు ర్యామ్‌కు పెట్టండి.

8 జీబీ ర్యామ్ సరిపోదా?

బ్రౌజర్‌లో పది ట్యాబ్‌లు, ఒక ఆన్‌లైన్ క్లాస్, ఒక వర్డ్ ఫైల్. ఇంతవరకు సరిపోతుంది. ఆండ్రాయిడ్ స్టూడియో, వర్చువల్ మెషీన్, పెద్ద ఎక్సెల్ షీట్లు అంటే 16 ఉండాలి. ర్యామ్ బోర్డుకు అతికి ఉన్న మోడల్ అయితే 16 జీబీదే కొనండి, దానిలో రాజీ వద్దు. ఇంకోటి, 2025 చివరి నుంచి ర్యామ్ రేట్లు బాగా పెరిగాయి. "తర్వాత వేయిద్దాంలే" అనుకుంటే ఆ తర్వాత వచ్చే బిల్లు చూసి బాధపడతారు. స్లాట్ ఉన్నా సరే, ఇప్పటికే 16 వేసి ఉన్న పీస్ రెండు మూడు వేలు ఎక్కువైనా అదే లాభం.

మ్యాక్‌బుక్ ఎయిర్ ఎం1 ఇప్పుడు కూడా కొనొచ్చా?

మీ కోర్సుకు సరిపోతే కొనొచ్చు. 2020 నవంబర్‌లో వచ్చింది, అప్పుడు మన దేశంలో మొదలు ధర 92,900 రూపాయలు. ఇప్పుడు సెకండ్‌హ్యాండ్‌లో అందులో సగానికి అటు ఇటుగా దొరుకుతోంది. 1.29 కిలోలు, ఫ్యాన్ లేదు, చప్పుడు లేదు. స్క్రీన్, టచ్‌ప్యాడ్, బ్యాటరీ మూడూ ఈ రేటులో మరెవరూ ఇవ్వలేరు. బరువు తక్కువ, బ్యాటరీ ఎక్కువ అని అడిగే బీకాం, బీఏ, మెడిసిన్, కంప్యూటర్ సైన్స్ పిల్లలకు నేను మొదట చెప్పేది ఇదే.

లోపాలూ వినండి. ర్యామ్‌తోపాటు ఎస్‌ఎస్‌డీ కూడా బోర్డుకే అతికి ఉంటుంది. ఎస్‌ఎస్‌డీ పోయిందంటే బోర్డు పోయినట్టే. 8 జీబీ, 256 జీబీ పీసులే ఎక్కువగా దొరుకుతాయి. బయట మానిటర్ ఒక్కటే కలపొచ్చు. నీళ్లో టీయో పడితే రిపేర్ ఖర్చు ల్యాప్‌టాప్ రేటును అందుకుంటుంది. కొనేముందు మీకు దగ్గర్లో అధీకృత సర్వీస్ సెంటర్ ఎక్కడుందో యాపిల్ సైట్‌లో చూసుకోండి.

ఇంటెల్ మ్యాక్‌బుక్‌లు చౌకగా వస్తున్నాయని మాత్రం వెళ్లకండి. ఇంటెల్ మ్యాక్‌లకు మ్యాక్‌ఓఎస్ టాహోనే చివరిదని యాపిల్ 2025లోనే చెప్పేసింది. పైగా 2018, 2019 ఎయిర్‌లలో ఉన్న బటర్‌ఫ్లై కీబోర్డ్‌కు చిన్న ఇసుక రేణువు చాలు, కీ ఇరుక్కుపోతుంది.

అన్నా, మా బిడ్డకు మెకానికల్‌లో సీటొచ్చింది. ఎం1 తీసుకుంటానంటోంది, ఇప్పించనా?

వద్దన్నా. మెకానికల్ పిల్లలు డిజైన్‌కు వాడే సాలిడ్‌వర్క్స్ విండోస్‌లో మాత్రమే నడుస్తుంది. ఎలక్ట్రానిక్స్ పిల్లలు చిప్ డిజైన్‌కు వాడే వివాడో కూడా మ్యాక్‌లో నడవదు. ముందు సీనియర్లను అడిగి మూడో ఏడాది దాకా ఏ సాఫ్ట్‌వేర్ వాడతారో రాసుకోమనండి. విండోస్ తప్పనిసరి అని తేలితే ఎలైట్‌బుక్ 840లో 16 జీబీది చూడండి. పెద్ద డిజైన్లకు కాలేజీ ల్యాబ్‌లో మంచి సిస్టమ్స్ ఉంటాయి. వాటి కోసం రెండున్నర కిలోల గేమింగ్ ల్యాప్‌టాప్‌ను హాస్టల్ మెట్లు ఎక్కిస్తూ దించుతూ నాలుగేళ్లు మోయించడం నాకు సబబనిపించదు.

మాది డీటీపీ షాపు. తెలుగు పనికి ఏది కావాలి?

అను ఫాంట్లు, పేజ్‌మేకర్‌తో పని చేస్తుంటే విండోస్ తీసుకోండి, ఇంకో ఆలోచన వద్దు. ట్యాలీ ప్రైమ్‌కూ అంతే. యూనికోడ్‌లో టైప్ చేసేవాళ్లకు మాత్రం ఏదైనా ఒకటే. విండోస్‌లో తెలుగు ఇన్‌స్క్రిప్ట్, ఫోనెటిక్ రెండూ ఉన్నాయి. మ్యాక్‌లోనూ తెలుగు కీబోర్డ్ ఉంది, అక్షరాలు చాలా ముచ్చటగా కనిపిస్తాయి.

మన ఎండలకు ఈ సన్నటివి తట్టుకుంటాయా?

అడగాల్సిన ప్రశ్న. రామగుండం, మంచిర్యాల వైపు మే నెలలో 44, 45 డిగ్రీలు మామూలే. యాపిల్ తన ల్యాప్‌టాప్‌లను 10 నుంచి 35 డిగ్రీల మధ్య వాడమని చెప్తుంది. మిగతా కంపెనీల లెక్కా దాదాపు అదే. అంటే రేకుల షెడ్డులోనో, పై అంతస్తు గదిలోనో మధ్యాహ్నం రెండింటికి కూర్చుంటే ల్యాప్‌టాప్ తన హద్దు దాటే పని చేస్తుంది. కాలిపోదు, నెమ్మదిస్తుంది. ఫ్యాన్ లేని ఎయిర్ ఎక్కువసేపు బరువైన పని ఇస్తే ఇంకా ముందే నెమ్మదిస్తుంది. వీడియో ఎడిటింగ్ లాంటివి తెల్లవారుజామునో రాత్రో పెట్టుకోండి.

అసలు దెబ్బ తగిలేది బ్యాటరీకి. వేడిలో, నూరు శాతం ఛార్జ్‌తో, రోజంతా ప్లగ్‌లోనే ఉంచితే లిథియం బ్యాటరీ తొందరగా ముసలిదవుతుంది, ఉబ్బుతుంది కూడా. థింక్‌ప్యాడ్‌లో వాంటేజ్ యాప్, డెల్‌లో, హెచ్‌పీలో బయోస్ (ఆన్ చేస్తూనే ఒక కీ నొక్కి వెళ్లే లోపలి సెట్టింగ్స్) ద్వారా ఛార్జ్‌ను 80 శాతం దగ్గర ఆపే సెట్టింగ్ ఉంటుంది. అది పెట్టుకోండి. బిజినెస్ మోడళ్లు కొనమనడానికి ఇదీ ఒక కారణం.

పరుపు మీద పెట్టి వాడొద్దు, గాలి పోయే దారులు కిందే ఉంటాయి. ఏడాదికోసారి విప్పించి ఫ్యాన్ శుభ్రం చేయించండి. ఎనుమాముల మార్కెట్ దగ్గరి అడ్తి దుకాణం నుంచి ఒక ల్యాప్‌టాప్ వచ్చింది, ఊరికే ఆగిపోతోందని. కింది మూత తీస్తే ఫ్యాన్‌కూ రాగి రేకులకూ మధ్య పత్తి నూగు మందంగా పేరుకుని, చిన్న గుడ్డ ముక్కలా పటకారుకు ఊడి వచ్చింది. అది తీసి, ప్రాసెసర్ వేడిని లాగే పేస్ట్ మార్చగానే మామూలుగా నడిచింది. పత్తి, మిర్చి, సిమెంట్, బొగ్గు పొడి ఉన్న చోట పనిచేసేవాళ్లు ఆరు నెలలకోసారి చూపించుకుంటే మేలు.

మెటల్ బాడీ ముట్టుకుంటే జివ్వుమంటోంది. షాక్ కొడుతుందా?

ఛార్జింగ్‌లో ఉన్నప్పుడే అలా అనిపిస్తే అది ఛార్జర్ నుంచి వచ్చే అతి చిన్న లీకేజీ కరెంట్. రెండు పిన్నుల ఛార్జర్లలో ఎర్త్ ఉండదు కాబట్టి అది మీ చేతి గుండా పోతుంది. మూడు పిన్నుల ఛార్జర్ వాడండి, ప్లగ్‌లో ఎర్త్ సరిగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. పాత ఇళ్లలో మూడు రంధ్రాలుంటాయి గానీ లోపల ఎర్త్ తీగ కలిపి ఉండదు. జివ్వుమనడం కాకుండా గట్టిగా కొడితే ఆ ఛార్జర్‌ను వెంటనే పక్కన పెట్టేయండి.

సెకండ్‌హ్యాండ్ పీస్ చేతికిచ్చారు. ఏమేం చూడాలి?

తొందర పడకుండా కనీసం గంట సేపు చూడండి. చూడనివ్వని షాపులో కొనకండి.

ముందు మూసి ఉంచి టేబుల్ మీద పెట్టండి. నాలుగు మూలలూ ఆనుతున్నాయా, మూతకూ బాడీకీ మధ్య సందు అన్ని వైపులా సమానంగా ఉందా చూడండి. ఒక పక్క లేచి ఉంటే, లేదా టచ్‌ప్యాడ్ పైకి ఉబ్బి క్లిక్ అవకుండా ఉంటే లోపల బ్యాటరీ ఉబ్బినట్టే. మూత తెరిచి మధ్యలో ఆపండి, అక్కడే నిలబడాలి. కింద స్క్రూలు చూడండి. తలలు అరిగిపోయి ఉంటే చాలాసార్లు విప్పినట్టు, ఒకటి రెండు లేకపోతే అజాగ్రత్తగా బిగించినట్టు.

తర్వాత స్క్రీన్. పూర్తి తెలుపు, పూర్తి నలుపు బొమ్మలు ఫోన్ నుంచి వేసి చూడండి. తెలుపులో మచ్చలు, నలుపులో అంచుల నుంచి కారే వెలుతురు బయటపడతాయి. వీలైతే షాపు గుమ్మం దాకా తెచ్చి పగటి వెలుతురులో చూడండి. లోపల ట్యూబ్‌లైట్ కింద అన్నీ బాగానే ఉంటాయి.

కీబోర్డ్‌లో ప్రతి కీ కొట్టండి. విదేశాల నుంచి వచ్చిన పీసుల్లో జర్మన్ లేఅవుట్ ఉంటుంది, జెడ్, వై తారుమారుగా. పైన ఇంగ్లిష్ స్టిక్కర్లు అంటించి అమ్ముతారు. గోటితో ఒక మూల గీకితే తెలిసిపోతుంది. ఎంటర్ కీ ఆకారం కూడా చూడండి.

బ్యాటరీ సంగతి విండోస్ చెప్తుంది. కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, స్లాష్ పెట్టి బ్యాటరీరిపోర్ట్ అని కలిపి కొట్టండి. ఒక రిపోర్ట్ తయారవుతుంది. అందులో డిజైన్ కెపాసిటీ 57,000 అని, ఫుల్ ఛార్జ్ కెపాసిటీ 34,000 అని ఉంటే బ్యాటరీలో అరవై శాతమే మిగిలింది. దాంతో కొనొద్దని కాదు, కొత్త బ్యాటరీ ఖర్చు రేటులో తగ్గించమని అడగండి. క్రిస్టల్‌డిస్క్ఇన్‌ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ పెన్‌డ్రైవ్‌లో తీసుకుపోతే ఎస్‌ఎస్‌డీ ఆరోగ్యం కూడా శాతంలో కనిపిస్తుంది.

చివరగా కెమెరా, మైక్, రెండు స్పీకర్లు, వైఫై, అన్ని పోర్టులు. యూట్యూబ్‌లో ఒక వీడియో పెట్టి అరగంట వదిలేయండి. ఫ్యాన్ గరగర చప్పుడు ఆ అరగంటలోనే బయటపడుతుంది.

కంపెనీ లాక్ అంటారు, అదేంటి?

పాత పీసుల్లో అన్నిటికన్నా పెద్ద ప్రమాదం ఇదే, చాలామంది చూడనిదీ ఇదే. కంపెనీలు తమ ల్యాప్‌టాప్‌లను దూరం నుంచి అదుపు చేసేలా రిజిస్టర్ చేస్తాయి. అమ్మేటప్పుడు ఆ రిజిస్ట్రేషన్ తీసేయకపోతే, మీరు ఇంటికొచ్చి విండోస్ కొత్తగా వేసి వైఫై కలపగానే ఎవరిదో కంపెనీ పేరుతో లాగిన్ అడుగుతుంది. ఇక అంతే.

షాపులోనే బయోస్‌లోకి వెళ్లండి. లెనోవోకు ఎఫ్1, డెల్‌కు ఎఫ్2, హెచ్‌పీకి ఎఫ్10. పాస్‌వర్డ్ అడిగితే ఆ పీస్ వద్దు. దూరం నుంచి లాక్ చేసే అబ్సల్యూట్ లేదా కంప్యూట్రేస్ అనేది యాక్టివేటెడ్ అని ఉందేమో చూడండి. విండోస్‌ను రీసెట్ చేయించి, మీ ఫోన్ హాట్‌స్పాట్‌కు కలిపి మొదటి సెటప్ మీ ముందే జరిపించండి. మ్యాక్‌కు కూడా ఇంతే, చెరిపేసి నెట్‌కు కలిపి సెటప్ చేస్తుంటే రిమోట్ మేనేజ్‌మెంట్ అని గానీ, పాత ఓనర్ యాపిల్ ఐడీ అని గానీ రాకూడదు. "రేపు తీయించి ఇస్తా" అంటే రేపే డబ్బులిస్తానని చెప్పండి.

హనుమకొండలో కొనాలా, సికింద్రాబాద్ సీటీసీకి పోవాలా?

పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో పీసులు ఎక్కువ, రకాలు ఎక్కువ, బేరానికీ వీలెక్కువ. ఎక్స్1 కార్బన్‌లో ఫలానా తరమే కావాలి, 16 జీబీనే కావాలి అంటే అక్కడే దొరికే అవకాశం ఎక్కువ. పనిదినం పొద్దున్నే పోతే షాపువాళ్లు తీరిగ్గా చూపిస్తారు. పెన్‌డ్రైవ్, మైక్ ఉన్న ఇయర్‌ఫోన్స్, టైప్‌-సీ ఛార్జర్ వెంట తీసుకుపోండి.

కానీ వారం తిరక్కుండా ఏదైనా తేడా వస్తే మళ్లీ రైలెక్కాలి, ఒక రోజు పని పోతుంది. ఇక్కడి షాపులో వెయ్యి, రెండు వేలు ఎక్కువైనా మనిషి ఎదురుగా ఉంటాడు. మామూలు ఎలైట్‌బుక్, లాటిట్యూడ్ అయితే ఇక్కడే కొనమంటాను. ఎక్కడ కొన్నా జీఎస్‌టీ బిల్లు, దాని మీద సీరియల్ నంబర్ ఉండాలి. వారంటీ మాట నోటితో కాకుండా రాతలో ఉండాలి. బిల్లు లేని పీస్ దొంగసొత్తు అయితే రేపు పోలీసులకు సమాధానం చెప్పాల్సింది మీరే.

ఆన్‌లైన్‌లో రీఫర్బిష్డ్ కొంటే?

తిరిగి ఇచ్చే గడువు ఎన్ని రోజులో చూసి కొనండి. డబ్బా విప్పడం మొదటి నుంచి చివరి దాకా ఆపకుండా వీడియో తీయండి. పైన చెప్పిన పరీక్షలన్నీ వచ్చిన రోజే చేయండి. ఏ గ్రేడ్, బీ గ్రేడ్ అనేవి ఆ అమ్మేవాళ్లు పెట్టుకున్న పేర్లే, అందరికీ ఒకే కొలత లేదు.

నో కాస్ట్ ఈఎంఐ నిజంగా ఉచితమేనా?

పూర్తిగా కాదు. బ్యాంకు వడ్డీ వేస్తుంది, అమ్మేవాళ్లు అంత మొత్తం ముందే డిస్కౌంట్‌గా తగ్గిస్తారు. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్‌టీ, ప్రాసెసింగ్ ఫీజు మన జేబులోంచే పోతాయి. మొత్తం కొన్ని వందలు, అంతకన్నా పెద్ద విషయం కాదు. అసలు చూడాల్సింది వేరే ఉంది. ఒకేసారి డబ్బు కట్టేవాళ్లకు ఇంకా తక్కువ రేటు ఇస్తున్నారేమో అడగండి. ఇంకోటి, నెలకు ఎంతో కాదు, మొత్తం ఎంతో చూడండి. నెలకు మూడు వేలే కదా అని ఇరవై నాలుగు నెలలకు ఒప్పుకుంటే అది డెబ్బై రెండు వేల ల్యాప్‌టాప్.

4కే స్క్రీన్, టచ్ స్క్రీన్ ఉన్నది తీసుకోనా?

14 అంగుళాలకు ఫుల్ హెచ్‌డీ చాలు. 4కే బ్యాటరీని తాగేస్తుంది. టచ్ వల్ల బరువు, మెరుపు పెరుగుతాయి, మన కిటికీల వెలుతురులో మన మొహమే కనిపిస్తుంది. ఆ డబ్బుకు 300 నిట్స్ పైన వెలుతురు, ఎస్‌ఆర్‌జీబీ అనే కొలతలో నూరు శాతం రంగులు ఉన్న స్క్రీన్ వెతకండి.

గేమ్స్ ఆడొచ్చా?

పాతవి, చిన్నవి ఆడొచ్చు. పెద్ద గేమ్స్ కోసమే అయితే ఈ రకం ల్యాప్‌టాప్ మీకు పనికిరాదు.

ఛార్జర్ ఇంటి దగ్గర మర్చిపోతే?

టైప్‌-సీ ద్వారా ఛార్జ్ అయ్యే మోడల్ తీసుకోవడానికి ఇదే కారణం. 65 వాట్ల పీడీ (పవర్ డెలివరీ) ఛార్జర్ ఒకటి ఉంటే ల్యాప్‌టాప్‌కు, ఫోన్‌కు కూడా సరిపోతుంది. హాస్టల్‌లో పక్క గది స్నేహితుడి దగ్గర కూడా దొరుకుతుంది. కొనేటప్పుడు బీఐఎస్ గుర్తు చూడండి. రోడ్డు పక్కన మూడు వందలకు అమ్మే నకిలీ 65 వాట్ల ఛార్జర్ వల్ల బోర్డులో పవర్ సెక్షన్ కాలిపోయిన కేసులు నా దగ్గరికి వస్తూనే ఉంటాయి. వేలల్లో ఖర్చు.

కొని ఇంటికి తెచ్చాం. మొదటి రోజు ఏం చేయాలి?

విండోస్ అప్‌డేట్లు పూర్తి చేయండి. కంపెనీ సైట్‌లో సీరియల్ నంబర్ కొట్టి, వారంటీ ఏమైనా మిగిలి ఉందేమో చూసి, బయోస్, ఫర్మ్‌వేర్ కొత్తవి ఎక్కించండి. ఆ పని చేస్తున్నంతసేపు ఛార్జర్ పెట్టి ఉంచండి, మధ్యలో ఆపొద్దు. ఛార్జ్ 80 శాతం దగ్గర ఆగేలా పెట్టుకోండి.

ఇంకొక్క పని మాత్రం మర్చిపోవద్దు. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే చాలా ల్యాప్‌టాప్‌లలో విండోస్ 11 తనంతట తానే డ్రైవ్‌ను ఎన్‌క్రిప్ట్ చేసేస్తుంది, అంటే ఫైళ్లకు తాళం వేసేస్తుంది. తర్వాత బయోస్ మారినా, బోర్డు మార్చినా బిట్‌లాకర్ అనే ఆ తాళం 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది లేకపోతే నేనే కాదు, ఎవరూ మీ ఫైళ్లు తీసివ్వలేరు. ప్రాజెక్ట్ రిపోర్ట్ ఇవ్వాల్సిన ముందురోజు ఈ టెన్షన్‌తో వచ్చే పిల్లలు ప్రతి ఏడాదీ ఉంటారు. ఆ కీ మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో సేవ్ అయిందో లేదో ఈ రోజే లాగిన్ అయి చూసుకోండి. ఒక కాగితం మీద రాసి ఇంట్లో సర్టిఫికెట్ల ఫైల్‌లో పెట్టమని అమ్మకో నాన్నకో ఇవ్వండి. ల్యాప్‌టాప్ బ్యాగులో మాత్రం పెట్టకండి.